యంత్రమునకు నేర్పిన ఓనమాలు



నేడు రచ్చబండమీద కూర్చున్న పెద్దలలో పెక్కుమంది చేతులలో సెల్‌ఫోను కనబడుచున్నది. పట్టణమందున్న మనుమడు వ్రాసిన క్షేమసమాచారము గాని, మార్కెట్టు యార్డులోని మిరపకాయల ధర గాని అందు తెలుగుననే చదువుకొనుచున్నాము. అలవాటైపోయినది గనుక అది మొదటినుండియు నట్లే యుండెనని తోచును. కాని యట్లు కాదు. మన తాతలకు బడిపంతులు ఇసుకలో ఓనమాలు దిద్దించినట్లు, ఈ యంత్రమునకును ఎవరో చెంతగూర్చుండి అచ్చులు, హల్లులు, గుణింతములు, వత్తులు ఒక్కొక్కటిగా నేర్పవలసివచ్చినది. ఆ నేర్పినవారి చరిత్రను నేడు మీకు విన్నవింపదలచితిని.

నేను యంత్రశాస్త్రము చదివినవాడను కాను. ప్రాచ్యకళాశాలలో లఘుకౌముదియు, చిన్నయసూరి బాలవ్యాకరణమును వల్లించి, ముప్పదిమూడేండ్లు ఉన్నత పాఠశాలలలో తెలుగు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. నా శిష్యుడొకడు హైదరాబాదున సాఫ్ట్‌వేరు పనిలో నున్నాడు. అతడు పండుగలకు వచ్చినపుడెల్ల నేనడిగిన ప్రశ్నలకు విసుగులేక చెప్పిన సమాధానములు ఈ ప్రసంగమునకు సగము పెట్టుబడి. తక్కిన సగము వ్యాకరణము.

మన లిపి స్వభావమును ముందుగా తలచుకొందము. అక్షరములు ఏబదియారని చిన్ననాడు వల్లించితిమి. వ్రాయబూనినచో ఏబదియారుతో తెమలదు. ఒక్క కకారమునకే గుణింతమంతయు నున్నది; ఆ గుణింతమునకు క్రిందను ప్రక్కను చేరు వత్తులున్నవి; ఒక్కొక్కచోట వత్తుకు వత్తున్నది. రూపములు వందలకు పెరుగును. 1746లో జర్మనీ దేశమునందలి హాలే నగరమున షుల్జ్ అను క్రైస్తవ బోధకుడు తెలుగు పుస్తకములను అచ్చువేయించిన నాటినుండి, సీసపు అక్షరములు పోతపోయువారికి ఇదియే చిక్కు. తెలుగు కంపోజిటరు చుట్టును గోడలవలె అక్షరముల కేసులు నిలుపుకొని, నిలువుకాళ్లమీద పనిచేయుటను నేను బాల్యమున చూచితిని. టైపుమిషను వచ్చిన పిదప మీటలు చాలక అక్షరమునే ముక్కలు చేసిరి. తలకట్టు ఒక మీట, కొమ్ము వేఱొక మీట. ఈ ముక్కలు చేయు నలవాటు కంప్యూటరు కాలమునకును దాటివచ్చి, మనకు చాల నష్టము కలిగించినది.

కంప్యూటరు అక్షరమును ఎఱుగదు. దానికి తెలిసినవి అంకెలు మాత్రమే. ఏ అంకెకు ఏ అక్షరమో మనుష్యులు ఒక పట్టిక వ్రాసి యొసగవలెను. ఆంగ్లమునకు అట్టి పట్టిక 1963లోనే అమెరికాలో ఏర్పడినది. మనవారు తొలుత పన్నిన యుపాయమేమనగా, ఆ ఆంగ్లపు పట్టికలోని అంకెలనే యుంచుకొని, తెఱమీద మాత్రము ఆంగ్లాక్షరమునకు మారుగా తెలుగు ముక్క యొకటి గీయించుట. లోపల నున్నది ఆంగ్లము. పైన కప్పిన ముసుగు తెలుగు. 1990 తరువాత పెక్కేండ్లు మన పత్రికలును, అచ్చుకూటములును, శుభలేఖలు వేయు చిన్న దుకాణములును ఈ పద్ధతిమీదనే నడచినవి. ప్రతి సంస్థకును ముసుగు వేఱు. ఒక పత్రికకు పనికివచ్చిన ముసుగు ప్రక్క పత్రికకు పనికిరాదు.

అంతకన్న విపరీతమైన సంగతి మఱియొకటి. ఈ పద్ధతిలో అక్షరమునకు స్వరూపమే లేదు. ముక్కలను పొదుపుచేయుటకై కొందఱు మకారమును వకారపు బొమ్మకు ఒక తోక తగిలించి తెఱమీద నిలిపిరి. కంటికి అది ‘మ’. యంత్రమునకు అది ఒక బొమ్మ ప్రక్క మఱియొక బొమ్మ. అందు ఒక మాటను వెదకుట దుర్ఘటము. పదములను అకారాదిగా పేర్చుట అసాధ్యము.

ఇందువలన మనకేమి యనువారికి మా గ్రామచరిత్ర గతి చెప్పెదను. 1998లో నేనును, మా యూరి పెద్దలిద్దఱును కలిసి, చెరువు ఎవరు త్రవ్వించిరి, తూము ఎన్నిమాఱులు తెగినది, ఏ వంశము ఏ యూరినుండి వచ్చినది, గుడిముందరి రాతిమీద నేమున్నది మున్నగు విషయములను ఏడాదిపాటు సేకరించితిమి. పట్టణములోని ఒక అచ్చుకూటమువారు దానిని కంప్యూటరుమీద కూర్చి రెండువందల ప్రతులు వేసియిచ్చిరి. మూలమును ఫ్లాపీ యను పలుచని బిళ్లలో నింపి మాకొసగిరి. పదేండ్లలో ప్రతులు కొన్ని చెదలపాలు, కొన్ని చుట్టములపాలు ఐనవి. మఱల అచ్చువేయింపబూని ఆ బిళ్లను తెఱపింపగా కనబడినది ఆంగ్లాక్షరములును చుక్కలును గీతలును కలగాపులగమైన పిచ్చివ్రాత. అచ్చుకూటము అప్పటికే మూతబడినది. వారి అక్షరముసుగు ఎవరియొద్దను దొరకలేదు. నాతో కూర్చుండి చెప్పిన ఆ పెద్దలిద్దఱును కాలధర్మము నొందియుండిరి. తాటియాకు గ్రంథము శిథిలమైనను, మిగిలిన తునుకమీది అక్షరము అక్షరముగనే యుండును. ఇచ్చట గ్రంథమంతయు చెక్కుచెదరక యున్నది. ఒక్క పంక్తియైనను చదువరాదు. ఇట్టి యాపద మన పూర్వులెఱుగనిది. ఈ కథలో మిగిలినదానిని కొంత తడవునకు చెప్పెదను.

బొమ్మకు గాక అక్షరమునకే అంకె నొసగుట రెండవ మార్గము. కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదలై, పూనాలోని సి-డాక్ సంస్థలో పెరిగిన కృషి ఫలితముగా 1988లో ‘ఇస్కీ’ యను భారతీయ లిపుల పట్టిక రూపొందినది. 1991లో భారతీయ ప్రమాణముల సంస్థ దానిని స్థిరపఱచినది. అదే 1991లో ప్రపంచభాషల కన్నిటికిని ఒకే పట్టికగా ‘యూనికోడు’ మొదటి కూర్పు వెలువడినది. అందు తెలుగునకు మొదటనే చోటు దక్కినది. తెలుగు వాటా 128 గళ్లు. ఇస్కీ క్రమమునే యనుసరించిరి గనుక, బ్రాహ్మీ సంతానమైన మన లిపులు అందు అన్నదమ్ములవలె వరుసలు దీరినవి. దేవనాగరి వాటాలో కకారము 21వ అంకె, వంగలిపిలో 21, తెలుగులో 21, కన్నడములోను 21. వర్గాక్షరముల క్రమమును శిక్షాశాస్త్రకారులు ఏ స్థానకరణములనుబట్టి నిర్ణయించిరో, ఆ క్రమమే ఇచ్చటను నిలిచినది.

నా శిష్యుడు ఒకనాడు ‘క్ష’ అను సంయుక్తాక్షరమును యంత్రము ఎట్లు దాచుకొనునో కాగితముమీద వ్రాసి చూపెను. 3093, 3149, 3127. మొదటిది క, రెండవది పొల్లు, మూడవది ష. నాకు బాలవ్యాకరణము ఎదుట నిలిచినట్లయినది. కకారముమీది యచ్చును పొల్లు తొలగించును. మిగిలిన హల్లు తరువాతి హల్లుతో కూడును. రూపము ఎట్లుండవలెనో గీయుపని వేఱొకరిది. అక్షరమేదో చెప్పుపని దీనిది. ప్రకృతిని దాచి రూపమును అవసరమునకు సాధించుకొనుట వైయాకరణుల పద్ధతియే గదా!

ఇంతమాత్రముచేత, సంస్కృతమే కంప్యూటరులకు తగిన భాషయని అమెరికావారు తేల్చిరని సభలలో చెప్పువారితో నేను ఏకీభవింపను. 1985లో రిక్ బ్రిగ్స్ అను పండితుడు ఒక పత్రికలో శాస్త్రసంస్కృతపు వాక్యవిశ్లేషణమునుగూర్చి వ్యాసము వ్రాసిన మాట నిజము. దానిమీద మనవారు కట్టిన మేడలు వారి సొంతము. పాణిని గొప్పతనమునకు అట్టి యోగ్యతాపత్రము అక్కఱలేదు.

ఈ పట్టికతో నాకొక పేచీ యున్నది. బాలశిక్షలో ‘వ’ తరువాత శ, ష, స, హ లు వచ్చి పిమ్మట ‘ళ’ వచ్చును. యూనికోడులో ‘ళ’ కారము ‘వ’ కన్న ముందు కూర్చున్నది. అంకెల వరుసనే నమ్మి నిఘంటువు కూర్చినచో ‘కళ’ ‘కవి’కి ముందు వచ్చును. నా శిష్యుడు నవ్వి, అంకె వేఱు, అకారాది క్రమము వేఱు, మీ క్రమమును మీరు నిర్ణయించి చెప్పినచో యంత్రము అట్లే పేర్చునని సమాధానము చెప్పెను. నిర్ణయించి చెప్పుటకు అకారాది తెలిసినవాడు ఆ పనిలో నుండవలెను.

పట్టిక యేర్పడినంతనే పని తీరలేదు. తెలుగు వ్రాయుటకు సాధనము కావలెను. దీనికై ముందు తొందరపడినవారు సముద్రములకావల నున్న తెలుగువారు. 1990 తరువాతి తొలి యేండ్లలో అమెరికాకు చదువులకై పోయిన యువకులు కంప్యూటరులమీద ఒకరికొకరు వ్రాసికొనుటకు ఆంగ్లాక్షరములే గతియైనందున, తెలుగు మాటలను ఎవరికి తోచినట్లు వారు ఆంగ్లమున వ్రాయుచుండిరి. హ్రస్వమేదో దీర్ఘమేదో, తకారమేదో టకారమేదో తెలియదు. టెక్సాసు రాష్ట్రములోని హ్యూస్టను నగరమున రైసు విశ్వవిద్యాలయమందుండిన కన్నెగంటి రామారావుగారును, ఆనందకిశోరుగారును ఈ గందరగోళమునకు ఒక కట్టడి చేసి, ఏ తెలుగక్షరమునకు ఏ ఆంగ్లాక్షరమో నియమించి, అట్లు వ్రాసినదానిని తెలుగులోనికి మార్చు సాధనమును కల్పించిరి. విశ్వవిద్యాలయము పేరిట దానికి ‘ఆర్.టి.ఎస్.’ అను పేరు వచ్చినది. కెనడాలో నివసించిన తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు చక్కని అక్షరరూపములను చెక్కి, ఒకదానికి ‘పోతన’ యనియు మఱియొకదానికి ‘వేమన’ యనియు పేర్లిడి ఉచితముగా నొసగిరి. 2001లో మైక్రోసాఫ్టు సంస్థ తన విండోస్ ఎక్స్‌పీతో ‘గౌతమి’ యను తెలుగు అక్షరరూపమును చేర్చినది. ఆ గౌతమికంటె పోతనయే నా కంటికి ఇంపు.

2003 డిసెంబరులో వెన్న నాగార్జునగారు తెలుగు వికీపీడియా అను సర్వజన విజ్ఞానకోశమునకు నాందిపలికిరి. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు విజ్ఞానసర్వస్వమునకై పడిన శ్రమ నెఱిగినవారు దీని విలువను గ్రహింపగలరు. ఆ నాగార్జునగారే ‘పద్మ’ యను ఉపకరణమును నిర్మించిరి. దాని పని ముసుగులు తొలగించుట. పత్రికల బొమ్మతెలుగును చదివి, ఈ బొమ్మ ప్రక్క ఈ బొమ్మ వచ్చినచో అది ఈ అక్షరమని పట్టికలు కట్టి, యూనికోడులోనికి మార్చుట. 2006లో ‘లేఖిని’ వచ్చినది. అందు ఆంగ్లపు మీటలతో వ్రాయుచుండగా తెలుగు కనబడుచుండును. దానిలోపల అక్షరము మార్చు పనితనము ‘పద్మ’నుండి గ్రహించినదే. ఒక యింటి గుంటకను ప్రక్కయింటివారు పదును వేసికొని వాడుకొన్నట్లు, ఈ సాధనములు కట్టువారు ఒకరి కోడును ఒకరు స్వేచ్ఛగా వాడుకొనిరి. ఇచ్చినవాడు సొమ్ము అడుగలేదు. పుచ్చుకొన్నవాడు మూలమును మఱుగుపఱుపలేదు. నాకు ఈ చరిత్రలో మిక్కిలి నచ్చిన యంశమిది.

మీటలు తెలిసినవెంటనే జనులు వ్రాయ మొదలిడిరి. ఎవరికి వారు తమ పేర నడుపుకొను వ్రాతపుటలకు ‘బ్లాగు’ లని పేరు. 2006 మొదలు కొన్నియేండ్లు అవి తామరతంపరగా పెరిగినవి. ఆ బ్లాగుల క్రొత్త వ్రాతల నన్నిటిని ఒకచోట చూపుటకు ‘కూడలి’ యను నెలవును ఏర్పఱచిరి. సంపాదకుడు లేడు, కాగితపు ఖర్చు లేదు. సాఫ్ట్‌వేరు ఉద్యోగులు తమ పనిముట్లగూర్చి తెలుగున వ్రాసిరి. మాటలు చాలనిచోట క్రొత్త మాటలు కల్పించుకొని, వానిపై తగవులాడిరి. గృహిణులు అమ్మమ్మల కాలపు పచ్చళ్లగూర్చి వ్రాసిరి. పద్యములు వ్రాసినవారును కలరు. తరువాత యతిప్రాసగణములను పరీక్షించు సాధనమునుగూడ ఒకరు నిర్మించిరి. నేను దానిని పరీక్షించితిని. యతిభంగమును నాకంటె ముందు పట్టినది. పద్యములో కవిత్వమున్నదా యను ప్రశ్నకు మాత్రము అది మౌనము వహించినది. ఆ విషయమున అనేక పరీక్షకులకన్న అదియే మేలు.

మా గ్రామచరిత్ర విషయము. నా శిష్యుడు ‘పద్మ’ త్రోవనే పట్టి, మాయొద్ద మిగిలిన ఒక చినిగిన ప్రతిని ప్రక్క నుంచుకొని, ఫ్లాపీలోని ఏ పిచ్చిగుర్తు ఏ తెలుగు ముక్కయో పట్టిక వ్రాసెను. మూడు ఆదివారములు పట్టినది. పిచ్చివ్రాత విచ్చుకొని తెలుగు బయటపడినది. కాని ‘మామిడితోట’ అంతటను ‘వూవిుడితోట’ యైనది! వకారమునకు తోక తగిలించిన పాపము ఇచ్చట పండినది. అతడు యంత్రముచేత కొన్ని సవరింపించెను. తక్కినవి, ఏది ‘వూ’ ఏది ‘మా’ యని అర్థమునుబట్టి చెప్పవలసినవి, నేను చదివి దిద్దితిని. కోడు వ్రాయువాడును, భాష తెలిసినవాడును ఒకే బల్లయొద్ద కూర్చుండనిదే ఆ పని తెమలకపోయెడిది.

ఈ కూర్చుండుట జరుగనిచో నేమగునో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతయు చూచినది. ఆపిల్ సంస్థవారి ఐఫోనులకు తెలుగున ‘జ్ఞా’ అను అక్షరము ఒక విధమైన కూర్పులో వచ్చినచో, ఆ సందేశమును తెఱచిన వ్యవహారము కుప్పకూలుచుండెను. ఆ కూర్పు 3100, 3149, 3102, 8204, 3134. జ, పొల్లు, ఞ, దీర్ఘము మనకు తెలిసినవే. నడుమనున్న 8204 కంటికి కనబడని గుర్తు. పొల్లును ప్రక్క హల్లుతో కలియనీయక నిలుపుట దాని పని. ‘సాఫ్ట్‌వేరు’ అను మాటలో టకారపు పొల్లును వకారముతో కలియకుండ వ్రాయవలెనన్న అదే కావలెను. అది తనకు తగని తావున, ఞకారమునకును దీర్ఘమునకును నడుమ వచ్చి పడగా, యంత్రము రూపము కట్టలేక చతికిలబడినది. వంగలిపియందును ఇట్టి కూర్పులు కొన్ని బయటపడినవి. ఫిబ్రవరి 19వ తేదీన ఆ సంస్థ దోషమును సవరించి క్రొత్త కూర్పును విడుదల చేసినది. తెలుగక్షరమునకు ఎంత మహిమ యని అప్పుడు కొందఱు సంబరపడిరి. నాకు సంబరము కలుగలేదు. వేలమంది పరీక్షించి విడిచిన యంత్రమునకు, ‘జ్ఞానము’ అను మాటను తలక్రిందులు చేసియైనను వ్రాసి చూచిన తెలుగువా డొక్కడు తటస్థపడలేదే యనిపించినది.

అడిగినవారు ఉన్నచోట ఫలము కలిగినది. 2008లో దంత్య చజలకును, పాతలెక్కల గుర్తులకును యూనికోడున తావు లభించినది. వీసము, పరక, మువ్వీసము, కాలు, అర, ముక్కాలు తెలుపు గీతలును, ధాన్యపు కొలతయైన తూము గుర్తును మీలో కరణాల కవిలెలు చూచినవారికి పరిచితములే. ఆ గుర్తులకై ప్రతిపాదనము వ్రాసినవారును నాగార్జునగారే. 2014లో ప్రాచీన శాసనములయందు కనబడు ‘ఴ’ చేరినది. 2021లో నకారపొల్లు చేరినది. పాత పుస్తకములలో పొల్లునకారమునకు ప్రత్యేకముగా నుండిన ఆ రూపము మాయమైనదని నాకు కళాశాలనాటినుండియు బెంగయుండెను. దాని అంకె 3165. అంకె దొరికినను అన్ని ఫోనులయందును దానికి రూపము చెక్కబడలేదు. చెక్కని ఫోనులలో ఖాళీ డబ్బా కనబడును.

రెండు శతాబ్దముల వెనుక కర్నల్ మెకంజీ కావలి సోదరుల సహాయముతో ఊరూరి కైఫీయతులను వ్రాయించెను. ఆయన 1821లో చనిపోయెను. ఆ వ్రాతలు పాడగుచుండగా బ్రౌను దొర వానికి మఱల ప్రతులు వ్రాయించెను. నేడు కైఫీయతు వ్రాయుటకు దొర రానక్కఱలేదు. మీ యూరి సంగతి మీరు చెప్పగా మీ మనుమరాలు ఫోనులో వ్రాయగలదు. కాని ఎచ్చట నుంచవలెననునది ఆలోచింపదగినది. 2006 నాటి బ్లాగులు పెక్కు మూగవోయినవి. వ్రాసినవారు ఫేసుబుక్కునకు తరలిపోయిరి; అచ్చట నిన్నటి వ్రాత నేటి వ్రాతల క్రింద పడి కనుమరుగగుచున్నది. జియోసిటీస్ అను పెద్ద నెలవు 2009లోను, యాహూ గ్రూప్స్ 2020లోను మూతబడినవి. అక్షరము యూనికోడులో నున్నంతమాత్రమున ఇల్లు కూలకుండునా? తాటియాకుల కాలమున ఒక గ్రంథము నాలుగూళ్లలో నాలుగు ప్రతులుగా నుండెడిది గనుకనే మనదాక వచ్చినది.

మా గ్రామచరిత్ర ఇప్పుడు మా యూరి బడి కంప్యూటరులో ఒకటి, నా శిష్యుని బ్లాగుమీద ఒకటి, గ్రంథాలయమున కాగితముమీద ఒకటి యున్నది. గుడిముందరి శాసనములో ‘ఴ’ కారము రెండుచోట్ల కలదు. 1998 నాటి అచ్చులో దానికి మారుగా ‘డ’ వేసిరి. దానిని సరిచేసితిమి. కరణముగారి వారసులు తమ యింటి కవిలెకట్ట యొకటి ఈమధ్య నాకు తెచ్చియిచ్చిరి. నిండ వీసములును, పరకలును, తూములును. నేను చదివి చెప్పుచుండగా నా శిష్యుని కుమార్తె మీటలు నొక్కుచున్నది. నాలుగు పత్రములు పూర్తియైనవి.